ముందు సీటు

ముందు సీటులో నేనే కూర్చున్నాను. అప్పటికే మీరిగుల్ తలుపు తీసి ఒక కాలు లోపల పెట్టేసింది. భుజం పట్టుకుని వెనక్కి లాగాను.

"ఏయ్, ఎక్కడికమ్మా? పెళ్లయ్యాక జీవితాంతం అతని పక్కనే కూర్చుందువుగాని. ఇవాళ్టికి వెనకాల, మీ అమ్మ పక్కన."

"వెనక కూర్చుంటే నాకు కళ్లు తిరుగుతాయి వదినా."

"నువ్వు ముందు కూర్చుంటే అతనికి తిరుగుతాయి. కారు తీసుకెళ్లి కాలవలో పెడతాడు. నడు."

పరఖత్ స్టీరింగ్ పట్టుకుని బుద్ధిమంతుడిలా ఎదురుగా చూస్తున్నాడు గాని చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి. వెనక సీట్లో వాళ్లమ్మ ఉల్బోసిన్ పెద్దమ్మా, మా అత్తగారు సర్బినాజూ తలగుడ్డలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ వియ్యపురాళ్లిద్దరి మధ్యలో మా ఆడపడుచు మూటలా ఇరుక్కుని కూర్చుంది.

మా కరకల్పాకుల్లో పెళ్లికూతురికి కాపలా వదినే. పిల్లకి మంచి జరిగితే అది పిల్ల అదృష్టం, చెడు జరిగితే వదిన అజాగ్రత్త. అందుకే ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మొహమాటాలూ లెక్కచెయ్యను. పైగా ఈ సంబంధం కుదిర్చింది నేను. వీళ్లిద్దరూ నుకుస్ పట్నంలో కాలేజీలో చదివేటప్పుడు ఒకరినొకరు ఇష్టపడ్డారు. మా మామగారు ససేమిరా అన్నారు. తండ్రి లేని పిల్లవాడు, ఊరు కాని ఊరు, మనకెందుకన్నారు. రెండు చలికాలాల పాటు ఆయనకి టీ పోసినప్పుడల్లా నేను ఆ మాటే కదిపాను. మీరిగుల్ ఒక దశలో అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకుంది. చిక్కి సగమైంది. చివరికి ముసలాయన దిగొచ్చి, "సరే, ఏడుగురు తాతల పేర్లు చెప్పమను" అన్నారు.

మాలో అది తప్పదు. రెండు వైపులా ఏడు తరాల తండ్రుల పేర్లు వరసగా చెప్పాలి. ఒక్క పేరు కలిసినా వాళ్లు అన్నాచెల్లెళ్లే, పెళ్లి మాట ఎత్తకూడదు. పరఖత్ తడుముకోకుండా చెప్పాడు. మావాళ్లూ చెప్పారు. ఒక్క పేరూ కలవలేదు, తెగలు కూడా వేరు. మామగారు గడ్డం నిమురుకుని సరే అన్నాక ఉల్బోసిన్ పెద్దమ్మ వచ్చి మీరిగుల్ చెవులకి వెండి కమ్మలు పెట్టింది. మాకు అదే నిశ్చితార్థం. విందుకి ఎద్దును కొనేశాం, బొంతలు కుట్టేశాం, చుట్టాలందర్నీ పిలిచేశాం. వచ్చే నెలలో పెళ్లి.

పెళ్లయితే పిల్ల నుకుస్ వెళ్లిపోతుంది కదా, ఈలోగా అందరం కలిసి ఒక రోజు కోట చూసి వద్దామన్నది పరఖత్ ఆలోచన. మా పొలాల చివరనుంచి చూస్తే ఎడారిలో గుట్ట మీద కనిపించే కోటే అది. రోజూ కనిపిస్తుంది కాబట్టి మాలో ఎవ్వరం ఎక్కలేదు. ఉల్బోసిన్ పెద్దమ్మ మాత్రం మొదట రానంది.

"ఆ కోటా? ఒకసారి చూశాలే. ఒకసారి చాలు."

"ఎప్పుడు చూశావమ్మా? నాకు చెప్పనే లేదు" అన్నాడు పరఖత్.

"నీకన్నీ చెప్పాలా? పెళ్లాం వస్తోందిగా, దానికి చెప్పుకుంటా" అని మాట తప్పించింది. కొడుకు బతిమాలితే చివరికి బయల్దేరింది.

దారిలో ఉప్పు పేరుకుని తెల్లబడ్డ పొలాలు, వాటిలో కొత్తగా మొలిచిన పత్తి. అవి దాటాక ఇసుక, ముళ్లపొదలు, మళ్లీ ఇసుక. గుట్ట కింద కారు ఆపి ఎక్కడం మొదలుపెట్టాం. కాలు వేస్తే ఇసుక మడమ దాకా మింగేస్తోంది. సగం ఎక్కాక మీరిగుల్ కూలబడి బూట్లు విప్పి దులుపుకుంది. మేజోడు కూడా లాగేసింది. దాని కుడి పాదంలో బొటనవేలి పక్కన రెండు వేళ్లూ గోళ్లదాకా అతుక్కుని ఉంటాయి, పుట్టుకతోనే.

"త్వరగా తొడుక్కోవే బాతు కాలుదానా" అన్నాను. "పెళ్లికొడుకు చూస్తే కమ్మలు వెనక్కి అడుగుతాడు."

"చూస్తే చూడనీ. నీళ్లలో పడ్డా మునగనని మురిసిపోతాడు" అంది అది. కానీ నవ్వుతూ గబగబా మేజోడు లాక్కుంది. పరఖత్, వాళ్లమ్మ చాలా ముందు నడుస్తున్నారు, వాళ్లు చూడలేదు. ఇప్పుడనిపిస్తుంది, అక్కడే చూసి ఉంటే ఏమయ్యేదోనని.

పైన కోటలో పరఖత్, మీరిగుల్ గోడ ఎక్కుతామన్నారు. "ఎక్కండి. తలలు మాత్రం నాకు కనిపిస్తూ ఉండాలి. ఒక తల కనబడకపోయినా పైకొస్తా" అని చెప్పి పంపాను. మేం ముగ్గురం గోడలోపలి నడవలో నీడకి చేరాం. రెండు గోడల మధ్య ఇరుకు దారి అది. పైన మట్టి ఇటుకల కమాను సగం కూలిపోయి ఉంది, బాణాలు వేసే సందుల్లోంచి గాలి ఈల వేస్తోంది.

నేను దుప్పటి పరిచి, ఫ్లాస్కులోంచి టీ వంచాను. మా అత్తగారు ఎండబెట్టిన ఖర్బూజా, పెరుగు ఉండలు, నూనెలో వేయించిన రొట్టెలు తీసి పెట్టింది. పోయినవాళ్ల పేరు మీద వారం వారం రొట్టెలు వేయించి పంచడం మా అందరిళ్లలో ఉన్నదే. మా అత్తగారు ఎప్పుడూ ఒక రొట్టె ఎక్కువ వేస్తుంది, అది కోటలో తల్లి పేరు మీద.

కోటలో తల్లి కథ మా ఇంట్లో అందరికీ కంఠస్థం. మీరిగుల్ నెలల పిల్లగా ఉన్నప్పుడు పత్తి ఏరే రోజుల్లో ఒక మధ్యాహ్నం ఉప్పుగాలి తుఫాను లేచింది. మా అత్తగారు పొలం ఆ కొసన ఏరుతోంది. ఈ కొసన గట్టు మీద పడుకున్న పిల్లల్ని ఎవరో ట్రాక్టర్లో వేసుకుని కోటకి తీసుకుపోయారు. మనిషికి మనిషి కనపడని దుమ్ములో పొద్దుగూకేదాకా ఈవిడ మట్టిలో పొర్లి ఏడ్చింది. గాలి తగ్గాక ట్రాక్టర్ వచ్చింది. పిల్ల కడుపు నిండి హాయిగా నిద్రపోతోంది. పట్నం నుంచి పత్తి ఏరడానికి వచ్చినావిడెవరో పాలిచ్చిందనీ, వాళ్లని లారీలు అటునుంచి అటే తీసుకుపోయాయనీ చెప్పారు. పేరు తెలీదు, ఊరు తెలీదు. ఆ ఏడాదంతా వెతికించింది. దొరక్కపోతే రొట్టె వేయించడం మొదలుపెట్టింది. ఆ కథ నేను కోడలిగా వచ్చిన మొదటి వారంలోనే విన్నాను. ఏడుగురు తాతల పేర్లు అడిగిన రోజున ఆ గదిలో ఉన్న ప్రతివాళ్లమూ ఆ కథ విన్నవాళ్లమే. అందరం తండ్రులనే లెక్కపెట్టుకున్నాం. పాల సంగతి ఒక్కరికీ తట్టలేదు.

ఉల్బోసిన్ పెద్దమ్మ కూర్చోలేదు. అరచేత్తో గోడ రాసుకుంటూ నడవ చివరిదాకా వెళ్లి, తిరిగొచ్చి, ఒక మూల నిలబడిపోయింది.

"ఇక్కడే" అంది.

"ఏంటి వియ్యపురాలా?" అంది మా అత్తగారు రొట్టె తుంచుతూ.

"రానన్నానని మీరేమీ అనుకోకండి. నాకు ఈ చోటంటే భయం. భయం కూడా కాదు. ఏమిటో చెప్పలేను." మూలనే చతికిలబడి మోకాళ్లు దగ్గరికి తీసుకుంది. "పరఖత్ తర్వాత నాకో ఆడపిల్ల పుట్టింది. ఇరవై రోజులు కూడా బతకలేదు. అది పోయిన వారానికి మా పట్నంవాళ్లని పత్తి ఏరడానికి లారీల్లో ఎక్కిస్తున్నారు. నన్ను రమ్మనలేదు. ఖాళీ ఉయ్యాల చూస్తూ ఇంట్లో కూర్చోలేక నేనే ఎక్కాను."

నేను టీ గిన్నె ఆవిడకి అందించబోతున్నాను. మళ్లీ కింద పెట్టేశాను.

"పిల్ల పోయినా పాలు పోవు కదమ్మా. రొమ్ములు రాళ్లయిపోయేవి. గుడ్డలు బిగించి కట్టుకుని పత్తి ఏరేదాన్ని. ఒకరోజు ఉప్పుగాలి లేచింది. మమ్మల్నందర్నీ ఈ కోటలోకి తోలారు. ఇంకెవరో ఊరివాళ్ల ట్రాక్టరూ వచ్చింది. అందులో ఒక పసిగుడ్డు, పత్తి ఏరే గుడ్డలో చుట్టి ఉంది, గుక్కపట్టి ఏడుస్తోంది. ఎవరి పిల్లని అడిగితే ఎవరూ చెప్పరు. ఆ ఏడుపు వింటుంటే నా చొక్కా దానంతటదే తడిసిపోయింది..."

వద్దు, ఇక చెప్పకు అని అరవాలనుంది. మా అత్తగారి వైపు చూశాను. తుంచిన రొట్టె ముక్క చేతిలోనే ఉంది, నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఇంకా అర్థమైనట్టు లేదు. పత్తికాలంలో తుఫానులు ఎన్ని రాలేదు, కోటల్లో ఎంతమంది తలదాచుకోలేదు అని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

"ఈ మూలనే కూర్చుని ఎత్తుకున్నా. పొద్దుగూకేదాకా తాగింది, పడుకుంది, లేచి మళ్లీ తాగింది. గుడ్డలోంచి చిన్న పాదం ఒకటి బయటికొచ్చింది. అంతసేపూ దాన్ని అరచేతిలో పట్టుకునే ఉన్నా. బొటనవేలి పక్కన రెండు వేళ్లు అతుక్కుని..."

"పెద్దమ్మా!" అన్నాను. ఆలస్యమైపోయింది.

మా అత్తగారు కేక పెట్టింది. అలాంటి కేక ఆవిడ గొంతులోంచి నేను ఎన్నడూ వినలేదు. లేచి, టీ గిన్నెలు తన్నుకుంటూ వెళ్లి, ఉల్బోసిన్ పెద్దమ్మ మీద పడిపోయింది. "నువ్వా! తల్లీ, నువ్వా! నా పిల్ల! అది నా పిల్ల! నీ కోసం ఎన్నేళ్లు వెతికానే! నీ పేరు తెలీక దేవుణ్ణి ఏమని అడగాలో తెలిసేది కాదే!" ఆవిడ చేతులు, చెంపలు, తలగుడ్డ, ఏది దొరికితే అది ముద్దు పెట్టుకుంటోంది. ఉల్బోసిన్ పెద్దమ్మ కూడా, "బతికే ఉందా? ఆ పిల్ల బతికే ఉందా?" అని ఏడుస్తూ నవ్వుతోంది. ఇద్దరు ఆడవాళ్లు మట్టిలో ఒకర్నొకరు వాటేసుకుని ఊగిపోతున్నారు. అంత సంతోషం నేను ఏ పెళ్లిలోనూ చూడలేదు.

నేను మాత్రం వాళ్లకి ఎప్పుడు తడుతుందా అని ఎదురుచూస్తున్నాను.

ముందు ఉల్బోసిన్ పెద్దమ్మకి తట్టింది. నవ్వు మొహం మీద అలాగే ఉంది, కళ్లు మాత్రం మారిపోయాయి. మా అత్తగారి భుజాలు పట్టుకుని మెల్లగా వెనక్కి నెట్టింది. "ఆ పిల్లంటే... మీకు ఉన్న ఆడపిల్ల మీరిగుల్ ఒక్కతేగా?"

మా అత్తగారు రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఒక తల్లి పాలు తాగినవాళ్లు తోబుట్టువులు. ఒక్క గుక్క తాగినా చాలు. ఏ ముల్లా ఆ పెళ్లి చెయ్యడు, చేసినా అది పెళ్లి కాదు, పాపం. ఇది మాలో చంటిపిల్లలకి కూడా తెలుసు.

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలీదు. దేవుడి మీదా, గాలి మీదా, ఈ ఆడవాళ్ల నోళ్ల మీదా. వాళ్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను.

"వినండి. ఇక్కడ ఉన్నది మనం ముగ్గురం. గోడలకి చెవులున్నా నోళ్లు లేవు. పెద్దమ్మా, నువ్వు ఏమీ చెప్పలేదు. అత్తయ్యా, నువ్వు ఏమీ వినలేదు. తేలు కుట్టిందని అరిచావు, అంతే. ఈ సంగతి ఇక్కడే పూడ్చేసి పోదాం."

"ఎలాగే?" అంది మా అత్తగారు. "వారం వారం ఆవిడ పేరు మీద చేతులు చాచి అడిగినదాన్ని. ఇవాళ ఆ దేవుడి దగ్గరే దాచనా?"

"దాచు! ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు ముద్ద తినిపించింది నేను. మళ్లీ తినిపించడం నావల్ల కాదు. పెదవి దాటితే పృథివి దాటుతుంది. దాటనివ్వకండి, మీ కాళ్లు పట్టుకుంటాను." నిజంగానే పట్టుకున్నాను.

ఉల్బోసిన్ పెద్దమ్మ తలగుడ్డతో మొహం తుడుచుకుంది. "వాడు నాకు ఒక్కడు" అంది, మాకు కాదు, గోడకి చెప్పినట్టు. "సరే. నేను చెప్పను."

అప్పటికే బయట ఇసుక జారుతున్న చప్పుడు. కేక విని ఇద్దరూ గోడ మీదనుంచి జారుకుంటూ దిగేశారు. మీరిగుల్ బూటు ఒకటి ఊడిపోతే పరఖత్ చేత్తో పట్టుకొచ్చాడు. ఇద్దరూ ఆయాసపడుతూ నవ్వుతున్నారు.

"ఏమైందత్తమ్మా? పామా?" అంది మీరిగుల్.

"తేలు" అన్నాను. "పారిపోయింది."

"ఎవర్ని కుట్టింది?" అన్నాడు పరఖత్. మీరిగుల్ నవ్వు ఆపి మా అత్తగారి మొహం చూసింది. తర్వాత ఉల్బోసిన్ పెద్దమ్మ తడిసిన చెంపలు చూసింది. కింద దొర్లిన గిన్నెలు చూసింది. కోటలో తల్లి పేరు మీద విడిగా పెట్టిన రొట్టె వైపు చూసింది. ఆ కథ వింటూ పెరిగిన పిల్ల అది. దాని మొహంలో రక్తం దిగిపోవడం నా కళ్లారా చూశాను.

"అమ్మా" అంది. "ఆవిడేనా?"

మా అత్తగారు తల అడ్డంగా ఊపలేదు, నిలువుగా ఊపలేదు.

మీరిగుల్ ఉల్బోసిన్ పెద్దమ్మ వైపు తిరిగింది. "అత్తమ్మా, నాకు పాలిచ్చింది మీరేనా?"

నేను పెద్దమ్మ తొడ గిల్లాను. ఆవిడ కొడుకుని చూసింది. చేతిలో ఆడపిల్ల బూటు పట్టుకుని, ఏమీ అర్థంకాక, ఇంకా సగం నవ్వుతూ నిలబడి ఉన్నాడు వాడు.

"కాదమ్మా" అంది స్పష్టంగా. "నేనెందుకవుతాను? నేను ఈ కోటకి ఎప్పుడూ రాలేదు."

"వచ్చానన్నారుగా పొద్దున?"

"వేరే కోట. కోటలకేం కరువు ఇక్కడ?"

హమ్మయ్య అనుకున్నాను. మీరిగుల్ ఇంక ఏమీ అడగలేదు. ఆవిడ ఎదురుగా ఇసుకలో కూర్చుని, బూటు లేని కాలికున్న మేజోడు విప్పి, పాదం చాపింది. నేను అడ్డం వెళ్లేలోగా ఉల్బోసిన్ పెద్దమ్మ చెయ్యి ముందుకొచ్చేసింది. ఆ పాదాన్ని అరచేతిలోకి తీసుకుంది. బొటనవేలితో ఆ అతుక్కున్న వేళ్లు నిమిరింది. ఏం చేస్తున్నదో ఆవిడకే తెలిసినట్టు లేదు. తెలిశాక కూడా వదల్లేకపోయింది. ఆ పాదం మీదకి వంగి, దాన్ని గుండెలకి అదుముకుని, వెక్కి వెక్కి ఏడ్చింది.

"అమ్మా" అన్నాడు పరఖత్. అతనికి అప్పుడు అర్థమైంది. గొంతు చిన్నపిల్లవాడిలా అయిపోయింది. "కాదన్నావుగా. కాదనే అను. అమ్మా, కాదను."

ఆవిడ అనలేదు. అతను చేతిలోని బూటు మీరిగుల్ పక్కన ఇసుకలో పెట్టి, దూరంగా వెళ్లి గోడకి నుదురు ఆనించుకున్నాడు. మీరిగుల్ ఏడవలేదు. అదే నాకు ఎక్కువ భయమేసింది. చెవి దగ్గరికి చెయ్యి పోనిచ్చి కమ్మ తియ్యబోతే ఉల్బోసిన్ పెద్దమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దు, తియ్యకు. పోయిన నా పిల్లకి పెట్టుకున్నాననుకుంటా."

"సరే అమ్మా" అంది మీరిగుల్. పొద్దుటినుంచీ అత్తమ్మా అన్న నోటితోనే అంది.

దిగి వచ్చేటప్పుడు గిన్నెలు, దుప్పటి నేనే మోశాను. మామగారికి ఏం చెప్పాలి, పిలిచిన చుట్టాలకి ఏం చెప్పాలి, ఎద్దును ఏం చెయ్యాలి అని ఏవేవో తలలో తిరుగుతున్నాయి. వాటిని ఆలోచిస్తే అసలుది ఆలోచించక్కర్లేదు కదా.

కారు దగ్గరికి వచ్చాక నేను వెనక తలుపు తీసి ఎక్కాను. అటుపక్కనుంచి ఇద్దరు తల్లులూ ఎక్కారు. ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు. మీరిగుల్ అలవాటుగా వెనకే ఎక్కబోయింది. చోటు లేదు. తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"ముందు కూర్చో తల్లీ" అంది మా అత్తగారు. "వెనక నీకు కళ్లు తిరుగుతాయిగా. అన్నయ్యేగా, ఎవరేమంటారు?"

మీరిగుల్ ముందు సీట్లో కూర్చుంది. పరఖత్ తాళం తిప్పాడు. బండి ఒకసారి ఆగిపోయింది, మళ్లీ తిప్పాడు. గేరు మార్చినప్పుడు అతని మోచెయ్యి మీరిగుల్ చేతికి తగిలింది. ఇద్దరూ రోడ్డునే చూస్తున్నారు. ఊరు చేరేదాకా వాళ్లని కనిపెట్టుకుని ఉండాల్సిన పని నాకు లేకపోయింది.